రోహిణిలో ప్రైమర్, పునర్వసులో వార్నిష్: ఐదుగురు విలన్ల కేస్ స్టడీ

పని ఇది. కామిక్ పాత్రల బొమ్మలతో బల్ల మీద ఆడే ‘మార్వెల్: క్రైసిస్ ప్రోటోకాల్’ ఆట మొదటి పెట్టెలో పది బొమ్మలుంటాయి. వాటిలో హీరోల జోలికి పోకుండా ఐదుగురు విలన్లను, అంటే రెడ్ స్కల్, డాక్టర్ ఆక్టోపస్, అల్ట్రాన్, క్రాస్‌బోన్స్, బారన్ జీమోలను విజయవాడలో అతికించి, రంగులు వేసి ఆటకు సిద్ధం చేయాలి. అటామిక్ మాస్ గేమ్స్ 2019లో తెచ్చిన ఆట ఇది. బొమ్మలు గట్టి పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌వి, స్ప్రూ ఫ్రేములకు అంటుకుని విడి ముక్కలుగా వస్తాయి, అతికించుకునే బాధ్యత మనదే. కొలత సుమారు 40 మి.మీ., మామూలు 28 మి.మీ. యుద్ధ బొమ్మల కన్నా బాగా పెద్దవి. పెద్దవి కదా, సులువేలే అనుకుంటే పొరపాటు. చదునైన జాగా ఎక్కువైన కొద్దీ వాష్ (గాడుల్లోకి పారే పల్చటి ముదురు రంగు) పోసి చేతులు దులుపుకోవడం కుదరదు. కోటు వెనక భాగాన వాష్ ఎండిన మరకలు మ్యాపులో తీరరేఖల్లా తేలతాయి.

బొమ్మల యజమాని పెట్టిన షరతులు మూడు. ఆట బల్లకు అవతలి పక్కన, అంటే మూడడుగుల దూరంలో కూర్చున్నవాడికి ఎవరు ఎవరో తెలియాలి. ఐదుగురూ ఒకే ముఠాలా కనిపించాలి. చెమట చేతులతో పట్టుకున్నా రంగు పోకూడదు. మొదటి రెండు షరతులు ఒకదానికొకటి అడ్డం. మూడోది విజయవాడ షరతు.

అతికింపు, ప్రైమర్ మే చివరి వారంలో మొదలయ్యాయి. వార్నిష్ జులై రెండో వారంలో పడింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ప్రైమర్ చెడడంలో వింతేముంది? పునర్వసు వానల్లో వార్నిష్ తెల్లబడింది. ఈ రెండు తప్పుల మధ్య జరిగిన అసలు రంగు పనిలో ఇంకో పెద్ద తప్పు దొరికింది. దానికి వాతావరణంతో సంబంధం లేదు. విలన్ అంటే నలుపు అనుకోవడం వల్ల వచ్చింది.

అతికింపు

స్ప్రూ నుంచి ముక్కలను నిప్పర్‌తో కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన బొడిపెను కటర్ బ్లేడుతో రెండు మూడు విడతలుగా చెక్కాలి. ఒక్క కోతలో తీస్తే ప్లాస్టిక్ ఒత్తిడికి తెల్లబడి చిన్న గుంట పడుతుంది. మోల్డ్ లైన్లను (అచ్చు రెండు సగాలు కలిసిన చోట మిగిలే గీతలను) కోయకూడదు, బ్లేడు వీపుతో గీకాలి. ఈ ఐదింట్లో ఎక్కువ సమయం తిన్నవి డాక్టర్ ఆక్టోపస్ లోహపు చేతులు. చుట్టూ కణుపులున్న గొట్టానికి అడ్డంగా మోల్డ్ లైన్ వస్తే ప్రతి కణుపునీ విడిగా గీకాల్సిందే. నాలుగు చేతులకు రెండున్నర గంటలు పట్టింది.

పాలీస్టైరీన్‌కు ఫెవిక్విక్ కాదు, ప్లాస్టిక్ సిమెంటు వాడాలి. ఫెవిక్విక్ రెండు ముక్కల మధ్య పొరలా గడ్డకడుతుంది, పక్కనుంచి చిన్న దెబ్బ తగిలితే విడిపోతుంది. పైగా మూసిన గదిలో దాని ఆవిరి చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద తెల్లటి బూజులా దిగుతుంది. సిమెంటు అలా కాదు, రెండు అంచులనూ కరిగించి ఒకే ముక్క చేస్తుంది. ఈ పనికి టమియా ఎక్స్‌ట్రా థిన్ వాడారు. అందులో ఉన్నది అసిటోన్, బ్యూటైల్ అసిటేట్, కాబట్టి కిటికీ తెరిచి ఉండాలి. రోహిణి ఎండల్లో ఒక చిక్కుంది: ముందు సిమెంటు రాసి తరవాత ముక్కలు కలిపితే ఆలోపే ఆవిరైపోతుంది. ముక్కలను ముందే కలిపి పట్టుకుని, బ్రష్ మొనను అతుకు గీతకు ఆనిస్తే ద్రవం తనంతట తానే లోపలికి పాకుతుంది. పది సెకన్లు నొక్కితే అంచున సన్నగా మెత్తని ప్లాస్టిక్ ఉబుకుతుంది. దాన్ని అప్పుడే తుడవకండి. మర్నాడు ఎండాక గీకితే అతుకు గీతే మాయమవుతుంది.

ఆక్టోపస్ వీపు దగ్గర, జీమో భుజం దగ్గర సందులు మిగిలాయి. కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్ల పోణికి ముక్కలను కలపడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. ప్లాస్టిక్ బొమ్మకు మక్కు ఏదంటే రెండు రకాలు. అర మి.మీ. లోపు సందుకు స్ప్రూ ముక్కలనే సన్నగా తరిగి, గాజు సీసాలో సిమెంటులో ఒక రోజు నానబెట్టిన పేస్టు. అది ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, అందుకే రెండు విడతలు. అంతకన్నా పెద్ద సందుకు ఎం-సీల్, రెండు భాగాలూ సమానంగా తీసుకుని రంగు ఒక్కటయ్యే దాకా పిసికి, తడి వేలితో సర్ది, గట్టిపడ్డాక 400, ఆ తరవాత 800 నంబరు ఎమరీ కాగితంతో తడిగా రుద్దాలి. ఎం-సీల్ కాస్త గరుకు జాతి. ముఖాల మీద వాడకండి.

లోహపు చేతులను ఒంటికి అతికించలేదు. అతికిస్తే వాటి వెనక నడుముకు బ్రష్ అందదు. చేతి డ్రిల్లుతో 0.8 మి.మీ. రంధ్రం చేసి, జెమ్ క్లిప్పు తీగ ముక్క గుచ్చి, ఒక్కో చేతినీ ఒక్కో బిరడాకు నిలబెట్టారు. మిగతా నలుగురూ పూర్తిగా అతికాకే రంగుకు వెళ్లారు.

ప్రైమర్ ఎక్కడ చెడింది

ముందుగా విమ్ ద్రవం, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్ బ్రష్‌తో కడగడం. అచ్చు నుంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే జిడ్డు, మన వేళ్ల జిడ్డు, రెండూ పోవాలి. ఆ తరవాత డాబా మీద, పొద్దున పది గంటలకు, డబ్బా స్ప్రే ప్రైమర్. అప్పటికే నీడలో 41 డిగ్రీలు. గాలికి భయపడి డబ్బాను 40 సెం.మీ. దూరం నుంచి కొట్టారు. సాయంత్రం చూస్తే ఐదింటి మీదా ఎమరీ కాగితంలాంటి గరుకు.

కారణం సూటిగానే ఉంది. డబ్బా నుంచి వచ్చిన తుంపర బొమ్మను చేరేలోపే గాలిలో సగం ఎండింది. చేరింది రంగు కాదు, రంగు పొడి. వేడి ఒక కారణం, దూరం రెండో కారణం, వేడి వడగాలి మూడోది. ఇలాంటి పొర మీద ఏ రంగు వేసినా హైలైట్ (వెలుగు పడే చోట వేసే లేత రంగు) మట్టి చల్లినట్టు పడుతుంది, ముఖం మీదైతే అసలు పనికిరాదు. ‘పైన రంగు పడితే సర్దుకుంటుందిలే’ అనే మాట ఎవరన్నా నమ్మకండి.

తీసేయడానికి డెట్టాల్ చాలు. నీళ్లు కలపని గోధుమరంగు ద్రవంలో, మూతున్న గాజు సీసాలో రాత్రంతా ముంచాలి. ఐదు బొమ్మలకు సుమారు 400 మి.లీ. పట్టింది, వడగట్టి దాచుకుంటే మళ్లీ పనికొస్తుంది. అసలు జాగ్రత్త ఇక్కడుంది: పొద్దున బయటకు తీశాక నీళ్ల కింద పెట్టకూడదు. మెత్తబడ్డ రంగుకు డెట్టాల్‌తో పాటు నీరు తగిలితే జిగురు ముద్దవుతుంది, ఆ ముద్ద గాడుల్లో ఇరుక్కుంటే ఇంకో రోజు పోయినట్టే. గ్లౌజులు వేసుకుని, డెట్టాల్‌లోనే ముంచిన టూత్ బ్రష్‌తో రంగంతా రుద్దేసి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తరవాతే విమ్, ఆ తరవాతే నీళ్లు. తొందరపడి గోళ్ల రంగు తీసే ద్రవం వాడితే అందులో అసిటోన్ ఉంటుంది, రంగుతో పాటు విలన్ ముక్కు కూడా పోతుంది.

రెండోసారి స్ప్రే డబ్బా వదిలేశారు. వల్లెహో సర్ఫేస్ ప్రైమర్‌ను ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న గన్‌తో), 0.4 మి.మీ. నాజిల్, 25 పీఎస్ఐ ఒత్తిడి, ఆరు అంగుళాల దూరం, పొద్దున ఐదూముక్కాలుకు గదిలో ఫ్యాన్ ఆపేసి కొట్టారు. పది చుక్కల ప్రైమర్‌కు ఒక చుక్క రిటార్డర్ (రంగు ఎండడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపితే నాజిల్ మొన దగ్గర ఎండి గడ్డకట్టడం తగ్గింది. ఐదు బొమ్మలకూ కలిపి 6 మి.లీ. కన్నా ఎక్కువ పోలేదు. ఈ ప్రైమర్ పాలీయురిథేన్ రకం. అరగంటలో ఎండినట్టే ఉంటుంది కానీ ఒక రోజు ఆగకుండా గీకితే పాల మీద మీగడలా పొరంతా లేచివస్తుంది. 24 గంటలు ముట్టుకోలేదు.

విలన్లకు నల్ల ప్రైమర్ వేయడం అలవాటు. ఇక్కడ ముదురు బూడిద వేసి, పైనుంచి 45 డిగ్రీల వాలులో లేత బూడిద, నడినెత్తి నుంచి తలలకూ భుజాలకూ మాత్రం తెలుపు కొట్టారు. దీన్నే జెనిథల్ అంటారు. వెలుగు ఎక్కడ పడుతుందో బొమ్మ తనే చూపిస్తుంది. ఆ దశలో ఒక ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది, రంగులు పడ్డాక వెలుగు దారి మరిచిపోతాం.

బల్ల మీద ఎండ

వెట్ పాలెట్ లేకుండా మే నెలలో ఈ పని జరగదు. చదునైన ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి స్పాంజి, పైన బేకింగ్‌కు వాడే పార్చ్‌మెంట్ కాగితం. స్టేషనరీ కొట్లో బటర్ పేపర్ పేరుతో ఇచ్చే ట్రేసింగ్ రకం కాగితం పనికిరాదు, తడికి ముడతలు పడి గుట్టలు గుట్టలవుతుంది. స్పాంజి పైదాకా నీళ్లు నింపినా మధ్యాహ్నానికి అంచులు ఎండేవి, గంటకోసారి పక్కనుంచి రెండు మూడు చెంచాల నీళ్లు పోయాల్సి వచ్చింది. నాలుగో రోజుకు స్పాంజి వాసన కొడుతుంది. చిన్న రాగి తీగ ముక్క స్పాంజి కింద పెడితే బూజు ఆలస్యమవుతుంది. సీలింగ్ ఫ్యాన్ కిందే కూర్చుంటే పాలెట్ మీద తడి ఉంటుంది కానీ బ్రష్ మొన మీదే రంగు ఎండిపోతుంది. గాలి గోడ వైపు పోయేలా తిప్పి పెట్టిన టేబుల్ ఫ్యాన్ మేలు.

నీళ్లు ఆర్వోవి వాడండి. బోరు నీళ్లలో కలిపిన పల్చని వాష్ ముదురు రంగు మీద ఎండితే అంచున తెల్లటి ఉప్పు గీత మిగులుతుంది. నల్ల కోటు మీద అది కనపడితే వార్నిష్ తప్పనుకుని అక్కడ వెతుకుతాం, తప్పు నీళ్లదై ఉంటుంది.

రంగులు ఎక్కువగా వల్లెహో మోడల్ కలర్, లోహాలకు వల్లెహో మెటల్ కలర్. కామ్లిన్, ఫెవిక్రిల్ అక్రిలిక్ రంగులు బేసులకూ (బొమ్మలు నిలబడే పీఠాలకూ), ఆట బల్ల మీద పెట్టే గోడలకూ భేషుగ్గా పనిచేస్తాయి. ముఖాలకు వద్దు. పొర మందం, పల్చన చేస్తే రంగు రేణువులు విడిపోయి మచ్చలు పడతాయి. బ్రష్‌లు రెండు చాలు, కోలిన్‌స్కీ వెంట్రుకల 1, 2 నంబర్లు. సున్నా మీద సున్నాలున్న (000 లాంటి అతి సన్నని) బ్రష్‌ల్లో తడి నిలవదు, ఈ ఎండకు కన్ను గీయడం పూర్తయ్యేలోపే మొన ఎండిపోతుంది. కన్ను కూడా 1 నంబరు మొనతోనే గీయాలి.

మూడు నలుపులు

పాత నాలుగు రంగుల అచ్చు కామిక్స్‌లో హీరోలకు ఎరుపు, నీలం, పసుపు, విలన్లకు ఆకుపచ్చ, ఊదా, నారింజ అన్నది గట్టి నియమం కాకపోయినా తరచూ కనిపించే అలవాటు. ఈ ఐదుగురిలో ఆక్టోపస్ (ఆకుపచ్చ, నారింజ), జీమో (ఊదా, బంగారం) ఆ అలవాటులోనే ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. చిక్కంతా రెడ్ స్కల్, క్రాస్‌బోన్స్‌తో వచ్చింది. ఇద్దరికీ నల్ల బట్టలు, ఇద్దరివీ పుర్రె ముఖాలు.

మొదటి విడతలో ఇద్దరి నల్ల బట్టలకూ ఒకే వంటకం వేశారు: నలుపు, దాని మీద జర్మన్ గ్రే, అంచులకు లేత బూడిద గీత. దగ్గరగా చూస్తే ఇంపుగానే ఉంది. తరవాత మూడడుగుల దూరం నుంచి ఫోన్‌తో నలుపు తెలుపు ఫోటో తీశారు. రంగు తీసేస్తే వెలుగు నీడలే మిగులుతాయి, కాబట్టి ఈ పరీక్ష అబద్ధం చెప్పదు. ఫోటోలో ఇద్దరూ ఒకే నల్ల ముద్ద. మోకాళ్ల కింద మరీ ఘోరం, బూట్లు ఎక్కడ ముగిశాయో బేసు ఎక్కడ మొదలైందో తెలియలేదు. బేసులకు తారు రోడ్డని నల్లగా వేశారు కదా.

మొదట అనిపించేది హైలైట్ ఇంకా పెంచాలని. పెంచారు. అంచు గీతలు తెల్లబడే కొద్దీ కోటు నలుపు కాకుండా బూడిద రంగు కోటైంది, నలుపు ఇంకా పోయింది. నల్ల వస్తువు నల్లగా కనిపించేది దాని పక్కన తెల్లనిది ఉన్నప్పుడు. పక్కన పెట్టగలిగింది బేసే. మిట్టమధ్యాహ్నం బందరు రోడ్డును చూడండి, తారు నల్లగా ఉండదు, దుమ్ము పట్టిన బూడిదలా ఉంటుంది. నల్ల చెప్పు దాని మీద పెడితే చెప్పు నలుపు తెలుస్తుంది. ఐదు బేసులనూ న్యూట్రల్ గ్రేతో తిరగవేసి, శిథిలాల అంచులకు లైట్ గ్రే, ఆ పైన ఇరాకీ సాండ్ పొడి బ్రష్‌తో (రంగును దాదాపు తుడిచేసిన బ్రష్‌తో) దులిపారు. బేసు గుండ్రటి అంచు మాత్రం నలుపు. మూడు గంటల పని. ముఠా ఒకే చోట నిలబడ్డట్టు కనిపించడానికి కూడా ఈ ఒకే రకం నేలే ఉపయోగపడింది, రెండో షరతు కోసం వేరే ఏమీ చేయాల్సిన పని పడలేదు.

ఆ తరవాత నలుపులను విడదీశారు. రెడ్ స్కల్‌ది తోలు కోటు. తోలు మెరుస్తుంది, మెరుపు చిన్నది, పదునైనది, చుట్టూ నలుపు ఎక్కువ. బేస్ నలుపుకు మూడో వంతు బర్న్ట్ అంబర్, హైలైట్‌కు అందులోనే కొంచెం కొంచెంగా బీజ్ రెడ్, భుజాల మీద, మోచేతి మడతల మీద పొట్టి గీతలు మాత్రమే. క్రాస్‌బోన్స్‌ది గుడ్డ, కవచం. గుడ్డ మెరవదు, వెలుగు వెడల్పుగా మెత్తగా పరుచుకుంటుంది. జర్మన్ గ్రేలో కొంచెం డార్క్ ప్రష్యన్ బ్లూ, దాని మీద బసాల్ట్ గ్రే గ్లేజ్‌లు (కింది రంగు కనిపించే పల్చని పొరలు), ఒక వంతు రంగుకు ఆరు వంతుల నీళ్లూ మీడియమూ కలిపి, నాలుగు పొరలు, ఒక్కోటి పూర్తిగా ఎండాక. ఒకటి వేడి నలుపు, ఒకటి చల్లటి నలుపు. మూడో నలుపు పొరలో కాదు, గీతలో ఉంది: గ్లోవుకూ చేతికీ మధ్య, బెల్టుకూ నడుముకూ మధ్య ముదురు గోధుమ నలుపుతో వెంట్రుకవాసి గీత. కామిక్ బొమ్మ అనిపించేది ఆ సిరా గీతే. ఒంటి చుట్టూ గీస్తే మాత్రం కార్టూన్ స్టిక్కరైపోతుంది, రెండు వస్తువులు కలిసే చోటే గీయాలి.

క్రాస్‌బోన్స్ ముఖం మీది తెల్ల పుర్రె, ఛాతీ మీది ఇంటూ గుర్తు ముందు వేసి, నలుపును వాటి చుట్టూ కోసుకుంటూ రావాలి. మొదట నలుపు వేసి దాని మీద తెలుపు ఎక్కించబోతే ఆరు పొరలు పట్టింది, ఆరింటికి సున్నం కొట్టిన గోడలా గుట్టలు లేచాయి. తుడిచేసి లైట్ గ్రేతో మొదలుపెట్టి ఐవరీ రెండు పొరలు వేస్తే సరిపోయింది. అచ్చ తెలుపు నుదుటి మీద, చెంప ఎముకల మీద ఒక్కో చుక్క, అంతే.

ఎర్ర ముఖం మీద నీలి వెలుగు

రెడ్ స్కల్ చేతిలో కాస్మిక్ క్యూబ్ ఉంది. అది నీలంగా వెలుగుతుంది, ఆ వెలుగు చుట్టూ పడాలి. ఈ పెట్టెలో చేయి తిరిగినవాళ్లను కూడా బోల్తా కొట్టించే చోటు ఇదే.

ముందు ముఖం. బ్లాక్ రెడ్‌తో మొత్తం కప్పి, ఫ్లాట్ రెడ్ రెండు పొరలు, ఎత్తుల మీద ఫ్లాట్ రెడ్‌లో లైట్ ఆరెంజ్ సగం సగం, చివరి చుక్కలకు అందులో బీజ్ రెడ్. ఎరుపులో తెలుపు కలపకండి, గులాబీ అవుతుంది, గులాబీ పుర్రెను చూసి ఎవరూ భయపడరు. కళ్ల గుంతల్లో బ్లాక్ రెడ్‌కు డార్క్ ప్రష్యన్ బ్లూ. పళ్లు ఐవరీ, పంటి పంటికీ మధ్య గోధుమ రంగు గీత.

ఆ మీద మామూలుగా అందరూ చేసేట్టు లేత నీలాన్ని పొడి బ్రష్‌తో చెంపకు దులిపారు. బూడిద రంగు బురదలా తయారైంది. ఎర్ర వస్తువు ఎర్రగా ఉండేదే ఎరుపును తిరగ్గొట్టి మిగతా వెలుగును మింగేయడం వల్ల. నీలి వెలుగు పడితే ఎర్ర ముఖం నీలమవ్వదు, నల్లబడి కాస్త ఊదా వైపు తిరుగుతుంది. కాబట్టి చెంప ఆ పక్కన మళ్లీ బ్లాక్ రెడ్‌తో చీకటి చేసి, వయొలెట్ రెడ్‌లో కొంచెం నీలం కలిపి పల్చని గ్లేజ్ మూడు పొరలు, దవడ కింద మాత్రమే. నీలాన్ని అసలు చూపించాల్సింది నలుపు మీద: గ్లోవు లోపలి వైపు, ముంజేతి కింద, కోటు అంచున. తోలు మెరుస్తుంది కనుక అక్కడ నీలం స్పష్టంగా నిలుస్తుంది.

రెండు నియమాలు తప్పకూడదు. వెలుగిచ్చేదే అన్నిటికన్నా తెల్లగా ఉండాలి, క్యూబ్ మధ్య దాదాపు తెలుపు, బయటికి వచ్చేకొద్దీ నీలం. వెలుగు ఏ వస్తువుకు సూటిగా కనిపిస్తుందో ఆ ముఖానికే పడాలి. వేళ్ల వెనక్కి, భుజం వెనక్కి నీలం పోస్తే వెలుగు కాదు, రంగు ఒలికినట్టుంటుంది. అనుమానం వస్తే చీకటి గదిలో ఫోన్ టార్చిని క్యూబ్ దగ్గర పెట్టి చూడండి, ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. అల్ట్రాన్ నోట్లోని ఎర్ర వెలుగుకూ ఇదే లెక్క, కాకపోతే లోహం దేన్నయినా తిరగ్గొడుతుంది కాబట్టి అది నలభై నిమిషాల్లో అయిపోయింది.

రెండు లోహాలు, ఒక ఊదా

అల్ట్రాన్, ఆక్టోపస్ చేతులు, రెండూ వెండి రంగే. నలుపులను విడదీసినట్టే వీటినీ విడదీయాలి. అల్ట్రాన్‌కు మెరిసే నల్ల పొర మీద డ్యురాల్యూమినియం ఎయిర్‌బ్రష్‌తో, కింది వైపులకు పల్చని నీలి గ్లేజ్. ఆక్టోపస్ చేతులకు గన్‌మెటల్, గాడుల్లో గోధుమ, ఊదా కలిపిన వాష్, కణుపుల అంచులకు స్టీల్. పక్కపక్కన పెడితే ఒకటి కొత్త స్టీలు గ్లాసు, ఇంకోటి వాడిన సైకిల్ చైను. లోహపు రంగులకు నీళ్ల గిన్నె వేరే ఉండాలి. అల్యూమినియం రేణువులు నీళ్లలో తేలి మామూలు రంగులోకి చేరితే ఆకుపచ్చ సూటు మీద తళుకులు పూస్తాయి, వార్నిష్ వేశాక ఇంకా బాగా కనిపిస్తాయి.

జీమో ఊదా కప్పదు. రాయల్ పర్పుల్‌ను తెల్ల జెనిథల్ మీద వేస్తే నాలుగు పొరలకూ చారలే. కింద ఊదా తిరిగిన మధ్యరకం బూడిదతో ఒక పొర వేశాక రెండు పొరలతో నిండింది. హైలైట్‌కు తెలుపు కాదు, బీజ్ రెడ్. తెలుపు కలిపిన ఊదా పిల్లల క్రేయాన్ రంగులా పొడిపొడిగా కనిపిస్తుంది. బొచ్చుకు ఐవరీ, సెపియా వాష్, ఎండాక ఐవరీ పొడి బ్రష్, ఇరవై నిమిషాలు. కత్తి మొన వంకర పోయి వచ్చింది. వేడి నీళ్లలో అర నిమిషం ముంచి సరిచేసి చల్లటి నీళ్లలో పెడితే నిలిచింది, ఇది రంగుకు ముందే చేయాలి.

వార్నిష్ తెల్లబడిన రోజు

జులైలో వాన వెలిసిన సాయంత్రం, గదిలో తేమ మీటరు 82 శాతం చూపిస్తుండగా మెరుపు లేని మ్యాట్ స్ప్రే వార్నిష్ కొట్టారు. పావుగంటకు అల్ట్రాన్ మీద మంచు కురిసినట్టు తెల్లటి పొర. రెడ్ స్కల్ కోటూ అంతే.

డబ్బాలోంచి వచ్చే గ్యాసు ఆవిరవుతూ బొమ్మ పైపొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి, ఎండుతున్న వార్నిష్‌లో చిక్కుకుని, కంటికి కనపడని గుల్లలు మిగులుస్తుంది. వెలుగు ఆ గుల్లల్లో చెల్లాచెదురై తెల్లగా కనిపిస్తుంది. రంగు పోలేదు, పైన గాజు మసకబారింది. గుల్లలు నింపితే మళ్లీ స్పష్టమవుతుంది. మర్నాడు మెరిసే గ్లాసీ వార్నిష్‌ను బ్రష్‌తో పల్చగా, గాడుల్లో నిలవకుండా పూస్తే తొంభై పాళ్లు తిరిగొచ్చింది. ఆక్టోపస్ చంక కింద మిగిలిన తెలుపును రంగుతో దిద్దారు. డబ్బాను రెండు నిమిషాలైనా ఊపకపోతే మ్యాట్ పొడి ముద్దలుగా వచ్చి ఇలాగే తెల్లగా కనిపిస్తుంది, కానీ దానికి గ్లాసీ పూత పనిచేయదు. రెంటినీ గుర్తుపట్టాలంటే ఒక చోట తడి వేలు పెట్టండి: తడిసినంత సేపు తెలుపు మాయమైతే తేమ తప్పు, తడిసినా చుక్కలు మిగిలితే ఊపని తప్పు.

చివరి పొర ఏసీ గదిలో, తేమ 55కు దిగాక, మ్యాట్ పాలీయురిథేన్ వార్నిష్ ఎయిర్‌బ్రష్‌తో వేశారు. మ్యాట్ పడగానే అల్ట్రాన్ అల్యూమినియం గిన్నెలా చచ్చుబడ్డాడు, లోహాలన్నిటికీ మళ్లీ కాస్త మెరిసే శాటిన్ వార్నిష్ పూయాల్సి వచ్చింది. మొదటే లోహాన్ని వదిలేసి బట్టలకే మ్యాట్ పూస్తే ఆ గంట మిగిలేది.

మొత్తం పని 50 గంటలు దాటింది. అందులో తీసేయడం, తిరగవేయడం, తెలుపు బాగుచేయడం కలిపి 9 గంటలు. రెడ్ స్కల్, జీమో ఎనిమిదేసి గంటలు తిన్నారు, అల్ట్రాన్ నాలుగు.

వానాకాలంలో వార్నిష్ చేతికి ఎండినట్టున్నా మూడు రోజుల దాకా లోపల మెత్తగానే ఉంటుంది. స్పాంజి పెట్టెలో సర్దితే స్పాంజి అచ్చు కోటు మీద పడుతుంది. బేసుల కింద 6 × 2 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు అతికించి, రేకు బిస్కెట్ డబ్బాలో నిలబెట్టి ఇచ్చారు. స్టీలు టిఫిన్ డబ్బా చూడటానికి బలంగా ఉంటుంది కానీ కొన్ని రకాల స్టీలుకు అయస్కాంతం అంటదు, కొనేముందు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. ఆక్టోపస్ కింది రెండు చేతుల మొనలు బల్లకు తగిలి ముందుగా అరిగేది ఖాయం కాబట్టి, దిద్దుకోవడానికి గన్‌మెటల్, స్టీల్ కలిపిన రంగు 2 మి.లీ. చిన్న సీసాలో పోసి, మూత మీద ‘ఊపి వాడాలి’ అని రాసి డబ్బాలోనే పెట్టారు.